నేను చెప్పిన బొర్రా గుహలు

టూరిస్టులంటే నాకు గౌరవం. ఈ మాటంటే మా ఇంట్లోవాళ్ళు నవ్వుతారు. విశాఖపట్నంలో పద్నాలుగేళ్ళు టూరిస్టు బస్సు నడిపిన రోజుల్లో వాళ్ళని నేను తిట్టుకున్నంతగా ఇంకెవరూ తిట్టుకుని ఉండరు మరి. పది నిమిషాల్లో రమ్మంటే అరగంటకి వచ్చేవాళ్ళు, సింహాచలం కొండ మీద చెప్పులు పోగొట్టుకుని అదేదో నేనే దాచినట్టు నా వంక చూసేవాళ్ళు, ఘాట్ రోడ్డులో సరిగ్గా మలుపు తిరిగేటప్పుడే లేచి నిలబడి పాటలందుకునేవాళ్ళు. డిసెంబరు వస్తే బెంగాలు నుంచి కుటుంబాలు కుటుంబాలే దిగేవి. మనవాళ్ళు చొక్కా గుండీలు విప్పుకుని విసురుకుంటుంటే, వాళ్ళు చెవుల మీదికి మంకీ టోపీలు లాక్కుని బీచిలో నిలబడేవాళ్ళు. ఎవరి చలి వాళ్ళది.

అయినా వాళ్ళు లేకపోతే నాకు నా ఊరే తెలిసేది కాదు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి చూస్తున్న సముద్రాన్ని నేనసలు చూడ్డం మానేసి ఎన్నాళ్ళయిందో. ఒకసారి ఎక్కడో లోపలి జిల్లా నుంచి వచ్చిన పెద్ద రైతు ఒకాయన, పంచె మోకాళ్ళ దాకా ఎత్తి పట్టుకుని చాలాసేపు నీళ్ళలో నిలబడ్డాడు. బస్సెక్కుతూ నన్నడిగాడు, "ఇది రాత్రిళ్ళు కూడా ఇలాగే కొట్టుకుంటుందా బాబూ?" అని. కొట్టుకుంటుందన్నాను. "అయ్యో, దానికి సెలవు లేదన్నమాట" అని వెనక్కి తిరిగి మళ్ళీ ఒకసారి చూశాడు. ఆ రోజు సాయంత్రం బస్సు షెడ్డులో పెట్టేశాక, ఇంటికి పోకుండా సముద్రం దగ్గరికి వెళ్ళి కూర్చున్నాను. పెరటి చెట్టు మందుకి పనికిరాదంటారు గానీ, పొరుగువాడు వచ్చి ఆకు తుంచి వాసన చూపిస్తే అప్పుడు పనికొస్తుంది. వాళ్ళు సీట్లలో వదిలేసిపోయిన వారపత్రికలు చదివే నాకు ఈ నాలుగు ముక్కలు రాయడం కూడా వచ్చింది.

ఇంత చెప్పాను గనక ఒక అబద్ధం సంగతి కూడా చెప్పాలి. అది బొర్రా గుహల గురించి.

ఆదివారాలు మా బస్సు తెల్లవారుతూనే మద్దిలపాలెంలో బయల్దేరేది. శృంగవరపుకోటలో టిఫిన్లు, ఆ తర్వాత ఘాటీ, ఆ తర్వాత బొర్రా. బస్సు పోగలిగినంత దూరం పోయి ఆగేది, అక్కణ్ణుంచి గుహల దాకా నడక. జనాన్ని లెక్కపెట్టి తీసుకెళ్ళి, లెక్కపెట్టి తీసుకురావడం క్లీనరు పని. బస్సు దగ్గర కాపలా నా పని. అక్కడి కోతులు మామూలు కోతులు కావు, టిఫిన్ క్యారియరు మూత తియ్యడం వచ్చిన కోతులు. మొదటి ట్రిప్పులోనే, బీడీ వెలిగించుకుందామని నేనలా పక్కకెళ్ళానో లేదో, ఒక పెళ్ళివారి లడ్డూలన్నీ పోయాయి. దాంతో మా ఓనరు, బస్సు వదిలి అడుగు కదలొద్దన్నాడు. నేను కదల్లేదు. బస్సు కింద చాప వేసుకుని పడుకునేవాణ్ణి. చూడ్డం పనిలేనివాళ్ళ పని, నడపడం నా పని అని నాకో పొగరు కూడా ఉండేది.

ఆ మొదటి ఆదివారం ఇంటికొచ్చేసరికి మా ఆవిడ వేణ్ణీళ్ళు కాచి పెట్టి గుమ్మంలో కూర్చుంది. మా మేనమామ కూతురే. పెళ్ళయ్యాక కూడా నన్ను బావా అనే పిలిచేది. పెళ్ళికి ముందు వాళ్ళ పల్లె, పెళ్ళయ్యాక మా వీధి, ఏటా ఒకసారి సింహాచలం, అంతే ఆవిడ చూసిన ప్రపంచం.

"గుహల్లోన ఎలగుంటది బావా?" అంది, గడ్డం కింద రెండు చేతులూ పెట్టుకుని.

నేను లోపలికి వెళ్ళలేదని చెప్పడానికే నోరు తెరిచాను. ఆ మొహం చూశాక చెప్పలేకపోయాను. తిరుగు ప్రయాణంలో జనం చెప్పుకున్న మాటలన్నీ చెవిలో ఉన్నాయి కదా, అవే వరసపెట్టి చెప్పాను. కొండ కడుపులో మేడంత ఖాళీ, చుక్క చుక్కగా నీళ్ళు కారి కారి రాయే శివలింగమైపోవడం, పైనుంచి ఆవు పొదుగులా వేలాడే బండలు, ఒక మూల ఏనుగు. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. నేను కుట్టు కనబడకుండా కుట్టాను. ఆవిడకి మల్లెపూలంటే ప్రాణం గనక చివర్లో ఒక మల్లెపందిరి కూడా వేశాను, తెల్లగా మెరిసే రాతి మల్లెలతో. అది ఏ టూరిస్టూ చెప్పలేదు, పూర్తిగా నా సొంతం.

తెల్లారేసరికి ఆ గుహలు కుళాయి దగ్గరికి చేరిపోయాయి. బిందెలు పట్టుకొచ్చిన ఆడవాళ్ళందరికీ మా ఆవిడ చెప్పేసింది. అప్పట్నుంచి ప్రతి ఆదివారం కొత్త సంగతులు కావాలి. కావాలంటే ఉన్నాయి, బస్సునిండా చెప్పేవాళ్ళే. అలా ఆరేళ్ళు గడిచాయి. వీధిలో నేను గుహలు తెలిసినవాణ్ణయిపోయాను. ఆవిడ మాత్రం మధ్యమధ్యలో, "ఓపాలి నన్నూ తీస్కెల్లు బావా, నువ్వే సూపించాల" అనేది. సీట్లు ఖాళీ లేవనో, ఘాటీలో వాంతులవుతాయనో దాటేసేవాణ్ణి. చుట్టుపక్కలంతా స్టీలు ప్లాంటు పనులు ముమ్మరంగా సాగుతున్న రోజులవి, నిజంగానే బస్సు ఎప్పుడూ నిండుగా ఉండేది. కానీ అసలు భయం అది కాదు. నా మాటంటే ఆవిడకున్న గురి, గుహ గుమ్మంలో పోతుందని.

ఒక శీతాకాలం శనివారం మా ఓనరే అన్నాడు, "రేపు ముందు సీటు ఖాళీ. మీ ఆవిణ్ణి తీసుకెళ్ళవోయ్, పాపం ఎప్పుడూ రాలేదు" అని. అన్నది ఎక్కడో కాదు, మా ఇంటి గుమ్మంలో, ఆవిడ ఇచ్చిన టీ తాగుతూ.

ఇంకేముంది, తెల్లవారుజామునే పులిహోర పొట్లాలు కట్టేసింది. పెట్టెలోంచి నేతచీర తీసి కట్టుకుంది. నేను ఇంకా వాంతుల మాటెత్తబోతుంటే, కొంగు ముడి విప్పి రెండు నిమ్మకాయలు చూపించింది. ఘాటీ అంతా ఆవిడ కిటికీ దగ్గర కూర్చుని లోయలు చూస్తోంది. నేను ఆవిణ్ణి చూడకుండా రోడ్డు చూస్తున్నాను.

బస్సు ఆగింది. అందరూ దిగారు. "నువ్వు వాళ్ళతో వెళ్ళు, నేను బస్సు దగ్గరుండాలి, కోతులు" అన్నాను.

ఆవిడ మెట్టు మీదే నిలబడిపోయింది. "నువ్వు సూపిత్తావనే గదా వచ్చాను బావా. నాకు సీకటంటే బయ్యం."

అప్పుడు వెనక సీట్లోంచి ఒక మామ్మగారు మాట్లాడారు. గోదావరి జిల్లా ఆవిడ, కొడుకు కుటుంబంతో వచ్చారు. మోకాళ్ళ నొప్పులు, చేతిలో కర్ర. "నేనెలాగూ దిగలేను. బస్సు నేను చూసుకుంటాను, వెళ్ళు బాబూ" అన్నారు.

"కోతులండీ" అన్నాను.

"ముప్ఫయ్యేళ్ళు పిల్లల బళ్ళో హెడ్మిస్ట్రెస్‌గా చేశాను. నువ్వు వెళ్ళు" అన్నారావిడ.

ఇంక తప్పించుకోవడానికి దారి లేదు. దారంతా, గుహలో దీపం ఆరిపోతే బాగుణ్ణు, వాన వస్తే బాగుణ్ణు అని మొక్కుకుంటూ నడిచాను. గుహ నోటి దగ్గర లాంతరు పట్టుకుని ఒక గిరిజనుడు నిలబడి ఉన్నాడు. లోపల దారి చూపించేది అతనే. అప్పుడప్పుడు బస్సు దగ్గరికొచ్చి నా దగ్గర బీడీ తీసుకునేవాడు. నన్ను చూడగానే మొహమంతా విప్పారింది.

"ఏటి డ్రైవరుబాబూ! ఆరేళ్ళయి సూత్తన్నాను, ఒక్కపాలి లోనికి రానేదు గదా. ఈవేళ సూరీడు ఏ పక్కన పొడిసినాడేటి?"

సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. ఆవిడ విన్నది. వినకపోవడానికి మధ్యలో గోడ కూడా లేదు. ఒక క్షణం నా వంక చూసి, అతనితో అంది, "సీకట్లో మా బావకి అంతగా ఆనదు గానీ, ఆ దీపం కూసింత ముందు పట్టు నాయినా." అని నా చెయ్యి పట్టుకుంది.

అలా నేను బొర్రా గుహల్లోకి మొదటిసారి వెళ్ళాను. చూపించింది మా ఆవిడ.

ఏం చెప్పమంటారు! ఆరేళ్ళు నోటితో కట్టిన గుహ ఒకటి, ఇది ఒకటి. పైన ఎక్కడో కొండకి పడ్డ కన్నంలోంచి ఎండ కిందికి దిగుతోంది. ఆ వెలుగు అందని చోట చల్లటి చీకటి, నీటిచుక్కల చప్పుడు, గబ్బిలాల వాసన. నేను నోరు తెరుచుకుని, నేను తిట్టుకునే టూరిస్టులందరి కంటే అధ్వాన్నంగా, ప్రతి బండ దగ్గరా ఆగిపోయాను. ఒకచోట జారి మోచేతుల మీద పడ్డాను కూడా. ఆవిడ మాత్రం అలవాటైన ఇంట్లో తిరిగినట్టు తిరుగుతోంది. "ఇదిగో నువ్వు సెప్పిన ఆవు పొదుగు. ఇదిగో ఏనుగు, తొండం పక్కకుందన్నావు గదా." అన్నీ దొరికాయి. దీపం పట్టుకున్న మనిషి కూడా ఆవిణ్ణి వింతగా చూశాడు.

"మల్లెపందిరి ఎక్కడ నాయినా?" అని అతన్నడిగింది.

"మల్లెపందిరేటమ్మా, అలగాంటిదేటీ నేదిక్కడ" అన్నాడతను.

ఆవిడ ఊరుకోలేదు. అతని చేతిలోంచి లాంతరు తీసుకుని ఒక మూలకి వెళ్ళి ఎత్తి పట్టుకుంది. అక్కడ తడిరాయి మీద తెల్లటి పలుకులు ఒక్కసారిగా మెరిశాయి. "ఇదే గదా బావా?"

"ఇదే" అన్నాను.

తిరిగొచ్చేసరికి మామ్మగారు మెట్టు మీద కర్ర అడ్డంగా పెట్టుకుని కూర్చున్నారు. ఎదుట చెట్టు మీద కోతులు వరసగా, బుద్ధిగా కూర్చున్నాయి. ఒక్క పొట్లం కూడా పోలేదు. మామ్మగారికి నేను దణ్ణం పెట్టాను. ఎందుకు పెట్టానో ఆవిడకి తెలియదు. ఆవిడ ఊరేమిటో కూడా అడగనందుకు ఇప్పటికీ బాధే. ఆ తర్వాత దారి నేర్చుకోవడానికి మా బస్సులో వచ్చిన ప్రతి కొత్త డ్రైవర్నీ, నేనే కాపలా కూర్చుని, ముందు లోపలికి పంపించేవాణ్ణి.

మర్నాడు పొద్దున్న కుళాయి దగ్గర మా ఆవిడ నా ఖాకీ చొక్కా రాయి మీద పరిచింది. మోచేతుల నిండా గుహ మట్టి, భుజం మీద గబ్బిలాల రెట్ట. నేను వేపపుల్ల నములుతూ పక్కన నిలబడి, "నీకో మాట చెప్పాలి" అన్నాను.

"సెప్పక్కర్నేదులే బావా" అంది తలెత్తకుండా. "ఆరేళ్ళ నుంచీ నీ సొక్కా ఉతుకుతన్నది నాను గాదేటి? ఈపు మీద సాప అచ్చు తప్ప, ఏ ఆదివారమైనా ఓ మట్టి మరక సూసినానా?"

పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు ఆరేళ్ళు తాగానన్నమాట. "మరి తెలిసి తెలిసి ఎందుకు విన్నావు?"

"నువ్వు బాగా సెప్తావు గదా" అంది. సబ్బు రాస్తూ, "నాను నువ్వు సెప్పినప్పుడే సూసీసినాను బావా. సూడందల్లా నువ్వే. అందుకే నిన్న ఎల్లాను" అంది.

ఇంతలో బిందెలు చంకనెట్టుకుని వీధి ఆడవాళ్ళు వచ్చేశారు. "ఎలగుందప్పా గుహ? మీ ఆయన సెప్పినట్టే ఉందా?" అని చుట్టూ మూగారు.

మా ఆవిడ చొక్కా నీళ్ళలో జాడిస్తూ, "నన్నడుగుతారేటి? మా బావనడగండి. ఆయన సూసొచ్చినాడు" అంది.