పసుపు పూసిన నంబరు ప్లేటు

రోడ్డు పక్కన స్తంభాల మీద కెమెరాలు కొత్తగా మొలిచిన రోజుల్లో మా డ్రైవర్లకు వాటిని చూస్తే దయ్యాలను చూసినంత భయం. పోలీసాయన అయితే చెయ్యెత్తి ఆపుతాడు, తిడతాడు, బతిమాలితే కరుగుతాడు. ఇది ఆపదు, తిట్టదు. మనం నవ్వుకుంటూ జోరుగా దాటిపోయాక మూడోనాడు ఓనరు ఫోనుకు జరిమానాతో ఫొటో పంపుతుంది. అప్పటికి నాకు యాభై దాటాయి గానీ బుద్ధికి మాత్రం ఇరవయ్యే (అందుకే దీన్ని నా పడుచుతనపు ముచ్చట కిందే జమకట్టుకోండి). అంకెలు వచ్చు, అక్షరం ముక్క రాదు. చండ్రుగొండలో ఒకాయన ట్రాలీ బండి మీద ఖమ్మం మార్కెట్టుకు మిర్చి తోలేవాణ్ణి. అప్పటికే రెండు ఫొటోలు వచ్చాయి. ఓనరు నాకంటే చిన్నవాడు, మర్యాదస్తుడు. "మామా, పెద్దోడివని ఊకుంటున్న. ఇంకొక్క ఫొటో వచ్చిందనుకో, తాళం ఆడ పెట్టి నడుసుకుంట ఇంటికి పో" అన్నాడు. పొద్దున లేవగానే ఆ బండి తాళం మొలతాడుకు కట్టుకుంటే తప్ప నేను మనిషినన్న నమ్మకం నాకు ఉండేది కాదు.

టీ కొట్టు దగ్గర ఎవరి ఉపాయం వాళ్లది. బండి ముందర పాత సీడీ వేలాడదీస్తే కెమెరా కళ్లు చెదురుతాయన్నాడొకడు. వేలాడదీశాను. ఒక కాకి వచ్చి అందులో తన మొహం చూసుకుని పొడిచింది, అంతే. చివరికి నాతో బస్తాలు దించడానికి వచ్చే మా బావమరిది దారి చెప్పాడు.

"బావా, దసరాకు బండికి పసుపు రాస్తం గదా? పసుపు రాసిన బండిని ఎవడన్న అడ్డుకుంటడా? నంబరు మీద జర మందంగ రాద్దాం."

"మిర్చి బండికి ఎండాకాలం దసరా ఏందయ్యా?" అంది మా ఇంటిది.

"నీకేం ఎరుక, ఊకో" అని ఆమె పసుపు డబ్బా మొత్తం ఎత్తుకుపోయాను. ముందూ వెనకా నంబర్లు మాయం. పైన కుంకుమ బొట్లు, రెండు పక్కలా వేపమండలు. బండి పెళ్లికూతురిలా ఉంది.

మొదటి గూడెం దగ్గరే ఒక ముసలమ్మ బిందెతో అడ్డం నిలబడింది. అమ్మవారి బండి వస్తే ఆడవాళ్లు బిందెలతో నీళ్లు పోసి మొక్కడం మా అడవి పక్క ఊళ్ల ఆచారం. ఆ సంగతి మా ఇద్దరికీ పుట్టినప్పటి నుంచి తెలుసు. కానీ ఆ పొద్దు ఒక్కరికీ గుర్తు రాలేదు.

"ఏ తల్లిది బిడ్డా ఈ బండి?"

"మా ఊరి తల్లిదే అవ్వా" అన్నాడు బావమరిది.

"తల్లి బండ్ల మిర్చి బస్తాలేంది?"

"ముడుపు!"

ఆమె చేతులు జోడించి, ముందు భాగమంతా తడిసేలా బిందెడు నీళ్లు గుమ్మరించి, నా నుదుట ఇంత బొట్టు పెట్టింది. ఇక చూడండి, మేం వెళ్లేలోపే ముందు ఊరికి కబురు చేరేది. ఊరూరా బిందెలు, కొబ్బరికాయలు. మొక్కే చేతుల ముందు నిజం చెప్పడానికి నాకు నోరు రాలేదు. మొక్కించుకోవడం బాగుందన్న మాట కూడా దాచడమెందుకు?

ఖమ్మం రోడ్డెక్కేసరికి ఎండ ముదిరింది. మార్కెట్లో వేలం పాట మొదలయ్యేలోపు చేరకపోతే సరుకు మరునాటిదాకా పడి ఉంటుంది. "తొక్కు బావా! నంబరే లేని బండిని కెమెరా ఏం పట్టుకుంటది?" అన్నాడు బావమరిది. తొక్కాను. దిగి చూద్దామన్న ఆలోచన ఇద్దరికీ రాలేదు.

మూడోనాడు ఓనరు ఫోను నా ముందు పెట్టాడు. అన్ని బిందెల నీళ్లకు పసుపంతా కొట్టుకుపోయి, నంబరు కొత్త పళ్లెంలా మెరుస్తోంది. అటూ ఇటూ వేపమండలు. లోపల బొట్టు పెట్టుకుని నేను, పండ్లన్నీ బయటపెట్టి నవ్వుతూ.

"కొన్నప్పటి సంది ఈ ప్లేటు మీద చుక్క నీళ్లు పోయలే గదా మామా! ఫొటో దిగుడుకని కడిగినవా?" అని పొట్ట పట్టుకుని నవ్వాడు. తర్వాత ఆగి, "కెమెరా ఉన్నదని ముందే బోర్డు పెట్టిన్రు గద, తాటికాయంత అక్షరాలు. సూడలే?" అన్నాడు.

"సూసిన."

"మరి?"

"సిమెంటు ప్రకటన అనుకున్న" అన్నాను. ఓనరుకు అర్థమైంది, నవ్వు ఆపేశాడు. తాళం జేబులో వేసుకుని, "ఆ బోర్డు చదివిన నాడు వచ్చి తీస్కపో" అన్నాడు.

మా ఇంటిది నాకంటే ముందే పొదుపు సంఘంలో అక్షరాలు నేర్చింది. గోడ మీద బొగ్గుతో దిద్దించింది. వంకర పోయినప్పుడల్లా "పసుపు దొంగా, సక్కగ రాయి" అని వేళ్ల మీద ఒకటేసేది. అసలైన దసరా వచ్చేసరికి ఓనరు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని తీసుకెళ్లి బోర్డు ముందర ఆపాడు. "ముందు... కెమెరా... ఉంది... నెమ్మదిగా... వెళ్లండి." అది పూర్తయ్యేలోపు వెనక బండ్లు హారన్లతో తిట్టిపోశాయి. ఆయన తాళం నా చేతిలో పెట్టాడు. ఆ తర్వాత నా ఫొటో మళ్లీ రాలేదు.

కొన్నేళ్లకు మోకాళ్లు మొరాయించి తాళం నేనే తిరిగిచ్చేశాను. ఇప్పుడు కళ్ల దవాఖానాకు ఖమ్మం పోతే కిటికీ పక్క సీటు కోసం వెతుక్కుంటాను. బోర్డు కనబడగానే పైకే చదువుతాను. బస్సు డ్రైవరు కుర్రవాడు, ఆగే రకం కాదు. నేను "నెమ్మదిగా" దగ్గర ఉండగానే బోర్డు వెనక్కి పోతుంది. మిగిలింది నోటికే వచ్చు కాబట్టి చెప్పేసుకుంటాను. చెప్పుకుంటుంటే చెయ్యి తనంతట తనే మొలతాడు మీదికి పోతుంది, తాళం ఉందో లేదో చూడటానికి.