టైగరు టీకా, దేవదానం మావ సాక్ష్యం

ఏటా వేయించే మామూలు కుక్కటీకాతో ఒక మనిషి సంఘం ముందు తలెత్తుకోలేకుండా పోగలడా అని మీరడిగితే, పోగలడు. ఆ మనిషిని నేనే. నవ్వదలిస్తే నవ్వండి, మా ఆవిడ సుగుణ ఇప్పటికీ నవ్వుతూనే ఉంది.

మాది బొబ్బిలి పక్క ఊరు. మా చిన్న ప్రార్థనా మందిరంలో ఆదివారం ఆరాధన మధ్య సాక్ష్యాల సమయం ఉంటుంది. ఆ వారం దేవుడు తనకు చేసిన మేలు ఎవరైనా లేచి చెప్పవచ్చు. ఎవరైనా అంటే దేవదానం మావ అని అర్థం. సుగుణకు మేనమామ, సంతలో ఎండుచేపలు అమ్ముతాడు. ఆయనకు వారానికొక అద్భుతం జరిగేది. ఒక వారం ఎండిన బోరులో నీళ్ళు పడేవి. ఇంకో వారం బస్సు తప్పిపోయేది, ఆ బస్సు దారిలో చెడిపోయేది. ఆయన చెబుతుంటే ఆడవాళ్ళు కళ్ళొత్తుకునేవారు. సుగుణ ముక్కు కూడా చీదేది.

మరి నాకు? ఏళ్ళ తరబడి సండేస్కూలు పాఠాలు చెబుతున్నాను, అధ్యాయాలకు అధ్యాయాలు నోటికి వచ్చు. కానీ నాది జలుబు కూడా చేయని ఒళ్ళు. ఏమని సాక్ష్యం చెప్పను? పొరుగింటి పుల్లకూర రుచి అంటారు గాని, పొరుగువాడి సాక్ష్యం నాకు ఉత్త పులుపే తగిలేది. పొరుగువాడి ఇల్లు, ఎద్దు, గాడిద ఆశించకూడదన్న ఆజ్ఞను పిల్లలకు నేర్పేది నేనే. ఆ జాబితాలో సాక్ష్యం లేదు కదా అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను.

ఒక శనివారం పొద్దున్న మా కుక్క టైగరును పశువుల ఆసుపత్రికి తీసుకువెళ్ళి టీకా వేయించాను. డాక్టరుగారు ఓపిగ్గా చెప్పారు.

"ఇయ్యాల మందకొడిగా ఉంటాది, సరిగ్గా తినదు. ఒళ్ళు కాస్త ఎచ్చబడతాది, సూది గుచ్చినకాడ సిన్న గెడ్డ కడతాది. నీళ్ళు పెట్టి పడుకోనియ్యండి. మూతి వాసినా, ఆయాసం వచ్చినా, వాంతులు పట్టుకున్నా ఎంటనే తెచ్చీండి. అలాటిదేటీ నేకపోతే రేపటికి లెగిసి తిరుగుతాది."

రేపు అంటే ఆదివారం. ఇవాళ పడిపోయి, రేపు ఆరాధన వేళకు లేచే జీవం నా ఇంట్లోనే ఉంది. దేవదానం మావకు బోరుంటే నాకు టైగరుంది.

ఇంటికి రాగానే టైగరు అరుగు మీద తడిసిన గోనెసంచిలా పడిపోయింది. టీకా సంగతి తెలియని సుగుణ పరుగున వచ్చింది.

"ఏటయింది దీనికి?"

"ఏటో మరి. డాక్టరుగారు పెదవి ఇరిసీసారు. ఇంక పార్దనే దిక్కు."

సుగుణ బావురుమంది. ఇది నేను అనుకోనిది. కొంగుతో ముఖం తుడుచుకుని తీర్పు చెప్పింది.

"అయితే అది తినీదాకా మనమూ తినొద్దు. ఉపాసం."

"మనమూనా?"

"నీకు బాద నేదేటి?"

పొయ్యి మీద వంకాయ, ఎండురొయ్యల కూర కుతకుతలాడుతోంది. బాధ ఉందని చెప్పాను. ఆ రోజు నేనన్న ఒకే ఒక్క నిజం అదే.

మధ్యాహ్నమంతా సుగుణ టైగరు తలను ఒళ్ళో పెట్టుకుని, నుదుటి మీద తడిగుడ్డ వేసి, "నా నాయనే, నా తండ్రే" అంటూ కూర్చుంది. కరోనా టీకా వేయించుకుని నేను జ్వరంతో పడుకున్న రోజున ఇదే ఇల్లాలు, "ఎంతసేపు పడుకుంటావు, పొలానికెల్లవా?" అని అడిగింది. కడుపులో ఆకలి, దాని మీద కుక్క పట్ల అసూయ. ఆ రెండూ కలిస్తే మనిషికి ఏ టీకా పనిచేయదు.

దీపాలు పెట్టే వేళకు మా పాస్టరు అయ్యగారూ, సంఘస్థులూ వచ్చారు. దేవదానం మావ సంతనుంచి నేరుగా, చంకలో సంచితో వచ్చాడు.

"ఎవలు పార్దన సేస్తారు?" అన్నారు అయ్యగారు.

"నాను," అన్నాను.

"నువ్వు రేపు సేద్దువు," అంది సుగుణ. "మావ సేస్తాడు. మావ పార్దనకి బలం ఉన్నాది."

కుక్క నాది, పస్తు నాది, ప్రార్థన ఆయనది. మావ మోకరించి, పొద్దుటినుంచి ఎండు నెత్తళ్ళ చేపలు తూచిన ఆ చేతిని టైగరు తల మీద వేశాడు. రెండో మాటకు దాని ముక్కు కదిలింది. నాలుగో మాటకు చెవి లేచింది. నేను ఒక కన్ను తెరిచి, 'పడుకో, రేపటిదాకా పడుకో' అని నా వంతు ప్రార్థన చేశాను. అది పైకి చేరలేదు. ఆమెన్ అనేసరికి టైగరు లేచి, మావ సంచిలో తల దూర్చి నెత్తళ్ళు నమలడం మొదలుపెట్టింది. స్తోత్రాలతో ఇల్లు దద్దరిల్లింది. కుక్కతోక వంకర అంటారు గాని ఆ సాయంత్రం దాని తోక నిటారుగానే ఉంది. వంకరంతా నా బుద్ధిలోనే ఉంది.

మర్నాడు మందిరంలో సాక్ష్యాల వేళకు మావ లేచాడు. "డాక్టర్లు సేతులెత్తీసిన పేణం..." అని మొదలుపెట్టాడు. ఊరుకుంటే నా అద్భుతం ఆయనదైపోతుంది. నోరు విప్పితే నేను అబద్ధాలకోరునైపోతాను. బుద్ధున్నవాడు ఊరుకుంటాడు. నన్ను మాత్రం అసూయ కాలరు పట్టుకుని లేపింది.

"అయ్యగారూ, అది అద్బుతం కాదు. టీకా ఏస్తే ఒక్కరోజు అలగుంటాదని డాక్టరుగారు ముందే సెప్పారు. నానే దాసీసాను."

ఆడవాళ్ళ వైపునుంచి సుగుణ గొంతు వినిపించింది. "మరి నన్నెందుకు పస్తుంచీసావు?"

"సాక్ష్యం కోసం."

అయ్యగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఒప్పుకున్నావు, మంచిది. కూకో."

కూర్చున్నాను. పరువు పోయింది గాని మావ అద్భుతం కూడా పోయింది. లోపల చల్లగా ఉంది. మావ మాత్రం కూర్చోలేదు.

"సూసారా? కుక్కకి ఎలాగూ తగ్గీదేనట. మరి నా పార్దన ఎవలికి పనిసేసినట్టు? నిన్న నాను సెయ్యేసింది కుక్క మీద. ఇయ్యాల లెగిసింది అల్లుడు."

ఆ స్తోత్రాలు బొబ్బిలి కోటదాకా వినబడి ఉంటాయి.

ఒట్లు పెట్టుకోరాదని చదువుకున్నవాణ్ణే అయినా, అందరి ముందూ ఒక్కటి పెడుతున్నాను. ఇకమీదట మా ఇంట్లో ఏ జీవానికి టీకా అయినా సోమవారం నాడే. ఆదివారానికి ఎవరి ఒంట్లోనూ చెప్పుకునేంత నొప్పి మిగలకూడదు.