చాటంత మొహం

సంతోషం దాచుకోలేని మనిషిని చూసి ‘మొహం చాటంత చేసుకున్నాడు’ అంటారు. పళ్లెమంత అనరు, తాంబాళమంత అనరు. బియ్యం చెరిగే చాటే ఎందుకు? నేను మెకానికల్ చదివినవాణ్ని. ఏ ఆకారానికైనా ఒక కారణం ఉండాలనుకుంటాను. చాటకు మూడు వైపులే అంచు. ముందువైపు తెరిచే ఉంటుంది, లోపల ఏముందో ఎదుటివాళ్లకు కనబడాల్సిందే. ఈ మాట అలాగే పుట్టిందనడానికి నా దగ్గర రుజువేమీ లేదు. నా మొహం మాత్రం ఆ కొలతలకు సరిపోతుందని పోయిన వేసవిలో తేలింది.

పెళ్లయ్యాక మా ఆవిడకు అది మొదటి వేసవి. వాళ్లది కాకినాడ, మాది చిలకలగూడ. అమ్మ అల్లంవెల్లుల్లి వేసి మామిడికాయ తొక్కు పెట్టింది. మా ఆవిడ ఆవపిండితో ఆవకాయ కలిపింది. మూడో రోజు రెండు గిన్నెలూ నా ముందుకొచ్చాయి.

“వీనికి ఏది నచ్చితే గదే జాడీ నిండ కలుపుదాం,” అంది అమ్మ.

“మీ ఇష్టం అత్తయ్యా,” అంది మా ఆవిడ. మా ఇంట్లో తను పెట్టిన మొదటి పచ్చడి అది. పొద్దున్నుంచి మూడుసార్లు మూత తీసి చూసుకుంది.

ఇద్దరిలో ఎవరూ నొచ్చుకోకూడదు. అందుకు ఏర్పాట్లు చేసుకున్నాను: ముద్దలు ఒకే సైజు, నమలడం పన్నెండుసార్లు, చూపు గోడ మీది క్యాలెండర్ మీద, చివర్లో ‘రెండూ బాగున్నాయి’ అనే మాట.

అమ్మ తొక్కుతో ముద్ద తిన్నాను. మొహంలో ఒక్క గీత కదలలేదు. పద్ధతి పనిచేస్తోందన్న ధీమాతో రెండోది నోట్లో పెట్టాను. ఆవఘాటు ముక్కుకెక్కింది. ఐదోసారి నమిలేసరికి క్యాలెండర్ సంగతే మరిచిపోయాను.

“చూసినవా, చాటంతయింది మొహం!” అంది అమ్మ. నవ్వుతూనే అంది గానీ, తన గిన్నె మీద మూత పెట్టేసింది.

“అట్ల కాదమ్మా, నీది తిన్నప్పుడు ఆపుకున్న...”

“ఏందీ? నా చేతి తొక్కు తిని ఆపుకున్నవా? ఇరవై ఎనిమిదేండ్ల సంది గిట్లనే ఆపుకుంటున్నవా బిడ్డా?”

ఏ జవాబు రాసినా తప్పయ్యే ప్రశ్న నాకు నాలుగేళ్ల ఇంజనీరింగ్‌లో ఒక్కటీ రాలేదు. ఇంతలో మా ఆవిడ అమ్మ గిన్నె మూత తీసి, వేడన్నంలో తొక్కు దండిగా కలుపుకుని పెద్ద ముద్ద నోట్లో పెట్టుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

“అబ్బ! ఇంకొంచెం వేయండి అత్తయ్యా,” అంది ముక్కు తుడుచుకుంటూ.

“జెర నిమ్మళంగ తిను పిల్లా. రెండు జాడీలున్నయ్ కద మనకు, వీన్ని అడిగేదేంది?” అంటూ అమ్మ ఆమె అన్నంలో రెండు చెంచాల నెయ్యి పోసింది. నా కంచం వైపు చూడనైనా లేదు.