బొటనవేళ్లు కట్టే తలుపులమ్మ

ఆ ఊళ్లో ఆడమనిషి పోయిందంటే మొదటి కబురు చుట్టాలకు కాదు, తలుపులమ్మకు వెళ్తుంది. పిఠాపురానికి ఆరు కిలోమీటర్ల అవతల, ఊరి సెంటర్లో ఆమెది ఇస్త్రీ బండి. కబురు అందగానే పెట్టెలో నిప్పులు దులిపేసి, చెంగు నడుముకు దోపుకుని బయలుదేరుతుంది. శవానికి స్నానం చేయించడం, చీర మార్చడం, చివరికి కాళ్ల బొటనవేళ్లు రెండూ కలిపి గుడ్డపీలికతో కట్టడం ఆమె పని. హిందువులైనా క్రైస్తవులైనా ముప్పై ఏళ్లుగా ఆ పిలుపు ఆమెకే.

ఈ పనికి ఒక కట్టుబాటు ఉంది. శవం మీద చూసింది ఆ ఇంటి గుమ్మం దాటకూడదు. ఎవరి వీపు మీద ఎన్ని వాతలున్నాయో, ఏ పెద్దింటి కోడలి మోచేతులు ఎందుకు కమిలాయో తలుపులమ్మకు తెలుసు. చెప్పదు. ఊరు దాన్ని మర్యాద అంటుంది. నన్నడిగితే అందులో సగం మర్యాద, సగం పిరికితనం.

శ్యాంబాబు ఆ ఊళ్లో స్కూటీ మీద ఇల్లిల్లూ తిరిగి సూదులు వేసే మనిషి. చదివిన డాక్టరు కాదు, ఎక్కడో కాంపౌండరుగా చేసి వచ్చాడట. ఒంటరిగా ఉండే ముసలమ్మలంటే ప్రాణం పెడతాడని అందరూ మురిసిపోయేవారు. ఎవరైనా పోతే పాడె మోయడానికీ ముందుండేవాడు. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండిపోతుంది.

కార్తీకంలో మాణిక్యాంబగారు నిద్రలోనే పోయారు. బొటనవేళ్లు కడుతుంటే ఎడమ కాలి బొటనవేలికీ పక్క వేలికీ మధ్య సందులో నువ్వుగింజంత నల్ల చుక్క, చుట్టూ కమిలిన చర్మం కనిపించాయి. ముల్లేమో అనుకుంది తలుపులమ్మ. మాఘంలో హైమావతిగారు పోయారు. అదే కాలు, అదే సందు, అదే చుక్క. ఆవేళ తలుపులమ్మకు అన్నం సయించలేదు. వైశాఖం ఎండల్లో మూడో కబురు వచ్చింది. దేవకుమారి.

దేవకుమారి అంగన్‌వాడీలో పనిచేసి రిటైరైంది. చిన్నప్పటి నుంచి ఇద్దరూ ఒక్క ప్రాణం. రోజూ పొద్దున్నే బండి దగ్గరే టీ తాగేవారు. ఆ కాలివేళ్లు విడదీసి చూసిన తలుపులమ్మ చెంబు కింద పడేసి గట్టిగా అరిచింది.

"నీళ్లు పొయ్యకండి! పోలీసుల్ని పిలవండి!"

పోస్టుమార్టంలో సూదితో ఎక్కించిన విషం బయటపడింది. శ్యాంబాబు ఇంట్లో అట్టపెట్టెలో ముగ్గురి బంగారు గాజులూ దొరికాయి. తాకట్టు పెట్టమని వాళ్లే ఇచ్చారని అతను బుకాయించాడు. మొదటి ఇద్దరూ చితిలో బూడిదైపోయారు, పరీక్ష చెయ్యడానికేమీ మిగల్లేదు. తలుపులమ్మ కూడా పోలీసులకు మూడో చుక్క గురించే చెప్పింది. దేవకుమారి కూతురు కృపారాణి మాత్రం ఆమె చేతులు పట్టుకుని, "నువ్వు లేకపోతే వాడు దొరికేవాడా పిన్నీ," అని ఏడ్చింది. ఆ ఏడుపు తలుపులమ్మకు కాల్చి వాత పెట్టినట్టయింది.

రెండేళ్లకు రాజమండ్రి కోర్టులో కేసు విచారణకు వచ్చింది. బోనులో తలుపులమ్మ, ఎదురు బెంచీ మీద కృపారాణి. శ్యాంబాబు తరఫు లాయరు నెమ్మదిగా మొదలుపెట్టాడు.

"నువ్వుగింజంత చుక్క. చీమ కుట్టిందనుకోవచ్చు, ముల్లు అనుకోవచ్చు. చూడగానే హత్య అని నీకెలా తెలిసిందమ్మా? పోలీసులు నేర్పారా?"

నేర్పలేదంటే నమ్మేదెవరు? నమ్మకపోతే వాడు దర్జాగా బయటికొచ్చి మళ్లీ స్కూటీ ఎక్కుతాడు. నిజం చెబితే కృపారాణి ముఖం చూడాలి. తలుపులమ్మ బోను కర్ర గట్టిగా పట్టుకుంది.

"అంతకుముందు ఇద్దరికి చూశానండి. మాణిక్యాంబగారికీ, హైమావతిగారికీ. అక్కడే, అలాగే ఉందండి."

బెంచీ మీద కృపారాణి తల ఎత్తింది.

"అయితే అప్పుడే ఎవరికైనా చెప్పావా?" అన్నాడు లాయరు.

చెప్పింది. హైమావతిగారు పోయిన మర్నాడు, టీ గ్లాసు చేతిలో పెడుతూ ఒక్క మనిషికి చెప్పింది. "ఇది సూది గుచ్చిన చోటులా ఉందే, నాకు భయమేస్తోంది," అంది. దేవకుమారి కసురుకుంది. "నోర్ముయ్యవే. శవం మీద చూసింది బయటపెడితే రేపు నిన్ను ఏ గుమ్మం ఎక్కనిస్తారు? శ్యాంబాబు బంగారంలాంటి కుర్రాడు. నాకూ వాడే వేస్తాడు సూది." అని టీ తాగి వెళ్లిపోయింది.

"ఎవరికీ చెప్పలేదండి," అంది తలుపులమ్మ. ప్రమాణం చేసి ఆ బోనులో ఆమె ఆడిన అబద్ధం అదొక్కటే.

శ్యాంబాబుకు యావజ్జీవం పడింది. ఊళ్లో ఇప్పుడు ఎవరు పోయినా తలుపులమ్మ స్నానానికి ముందు ఆ ఇంటి ఆడవాళ్లను లోపలికి పిలుస్తుంది. "మీరూ చూడండమ్మా, తల నుంచి కాలివేళ్ల దాకా," అంటుంది. కొందరు విసుక్కుంటారు. వాళ్లు చూసేదాకా ఆమె చెంబు ముట్టదు.

కృపారాణి మాత్రం తీర్పు తర్వాత ఏడాది పాటు బండి వైపు రాలేదు. దార్లో ఎదురైతే తల తిప్పుకునేది. ఒకరోజు పొద్దున్నే బట్టల సంచీ తెచ్చి బండి మీద పెట్టింది. సంచీ మీద చెయ్యి తియ్యకుండానే అడిగేసింది.

"ఊరికి చెప్పలేకపోయావు, సరే. పొద్దున్నే మా అమ్మ నీ పక్కనే కూచుని టీ తాగేది కదా పిన్నీ. అమ్మకైనా ఒక్క మాట చెప్పుంటే బతికేది కదా?"

తలుపులమ్మ ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టింది. చనిపోయినవాళ్ల గుట్టు గుమ్మం దాటించకూడదన్న కట్టుబాటు ఇన్నేళ్లకు ఒక్కసారి మంచికి పనికొచ్చింది.

"బతికేదమ్మా," అంది. "నేనే చెప్పలేదు."