పెనుకొండ గ్రౌండులో ఓడిన పరుగు

నాకు పరుగు నేర్పింది ఏ డ్రిల్లు మాస్టరూ కాదు. ధర్మవరంలో మా వీధిలో సాగదీసిన పట్టు పడుగు. తెల్లవారగానే, చీరకు నిలువుగా వచ్చే పోగులు సాగదీసి వీధి ఈ చివరి నుంచి ఆ చివరిదాకా పడుగు కట్టేవాళ్లు. ఎండ ముదిరేలోపు, ఎక్కడ పోగు తెగితే అక్కడికి పరిగెత్తి ముడెయ్యాలి. ఒక పక్క నేను, అవతలి పక్క నా తమ్ముడు. మోచెయ్యి పడుగుకు తగిలిందంటే నాయన వీపు చీరేసేవాడు. నేను నిజంగా దమ్ముకొద్దీ పరిగెత్తితే నా నోరు దానంతటదే వెడల్పుగా తెరుచుకునేది. "మూయ్‌రా, ఈగలు పోతాండాయి" అని అవ్వ అరిచేది. తమ్ముడు అవతల నుంచి నా నోరు చూసి పడీపడీ నవ్వేవాడు.

వాడు నాకన్నా రెండేళ్లు చిన్న. నేను రెండుసార్లు తప్పడంతో ఎనిమిదో తరగతిలో ఇద్దరం ఒకే బెంచీ మీద కూర్చున్నాం. మాస్టరు బోర్డు మీద లెక్క వేసి సుద్దముక్క కింద పెట్టేలోపు వాడు జవాబు చెప్పేవాడు. వెంటనే మాస్టరు నా వైపు తిరిగి "తమ్ముణ్ణి చూసైనా సిగ్గు తెచ్చుకోరా" అనేవాడు. ఆ మాట వినని రోజు నాకు గుర్తులేదు. పైగా బడి వదిలాక వాడే నా పక్కన చేరి, ఆ లెక్క నాకు మళ్లీ చెప్పేవాడు. అందుకు ఇంకా ఒళ్లు మండేది. పెద్దవాణ్ణయ్యాక ఇప్పుడు ఏదో మెత్తటి పేరు పెట్టవచ్చు గానీ, అది ద్వేషమే.

ఊళ్లో బోర్డు హైస్కూలు ఉంది. కానీ ఇంట్లో కూడు తినేవాడు ఇంటి మగ్గం నెయ్యాలన్నది మా నాయన చట్టం. ఎనిమిదితో ఆపించి ఇద్దర్నీ మగ్గం గుంటలోకి దించేవాడే. అంతలో తాలూకా పోటీల్లో నేను ఒట్టి కాళ్లతో పరిగెత్తి హైస్కూలు పిల్లలను ఓడించాను. హిందూపురంలో వర్తకులు కమిటీగా చేరి నడిపే హైస్కూలు ఒకటి, పెనుకొండలో ఒక పెద్దమనిషి పెట్టించిన హైస్కూలు ఒకటి ఉండేవి. రెండింటికీ హాస్టలు ఉంది, రెండింటికీ జిల్లా షీల్డు మీద కన్నుంది. హిందూపురం డ్రిల్లు మాస్టరు మా ఇంటికే వచ్చి నా పిక్కలు పిసికాడు, మోకాళ్లు తట్టాడు. సంతలో ఎద్దును చూసినట్టు చూశాడు, పళ్లు చూడడమొక్కటే తక్కువ.

"వీనికి కూడు, గుడ్డ, చదువు అన్నీ మావే" అన్నాడు.

నాయన తమ్ముణ్ణి ముందుకు తోశాడు.

"వీడు పరిగెత్తుతాడా?"

"లేదు సామీ, బాగా చదువుతాడు."

"చదివేవాళ్లు మా ఊళ్లో బోలెడుమంది ఉండారప్పా."

తమ్ముడు అక్కడే నిలబడి ఆ మాట విన్నాడు.

పెనుకొండ వాళ్లు వేరే కబురు పంపారు. పెద్దవాడు మా గ్రౌండులో, పరుగులో మా మొదటి పిల్లవాణ్ణి ఓడిస్తే, చిన్నవాణ్ణి కూడా పెట్టుకుంటాం అన్నారు. నాయన ఆలోచించడానికి ఒక చుట్ట కాలేంత సేపు కూడా పట్టలేదు. "ఇద్దరూ పోతే రెండు నోళ్లు తగ్గుతాయి. పెనుకొండే. ఆడ కాకపోతే పెద్దోడు హిందూపురానికి, చిన్నోడు గుంటలోకి" అన్నాడు.

ఒకే రోజు రెండూ తేల్చుకు రావాలని ముగ్గురం రైలెక్కాం. పడుగుకు పెట్టే గంజి మిగిలితే తమ్ముడు తన చొక్కాకు పెట్టుకున్నాడు. చొక్కా అట్టలా నిలబడింది. వాడు మడతలు నలగకుండా రైల్లో వీపు ఆనించకుండా కూర్చున్నాడు.

ముందు హిందూపురం పోయాం. అక్కడ గ్రౌండులో సున్నంతో గీతలు గీసి ఉన్నాయి. ఆఫీసు గదిలో అద్దాల బీరువాలో షీల్డులు, వాటి కింద మేకుల బూట్లు. డ్రిల్లు మాస్టరు ఒక జత తీసి నా పాదానికి తొడిగాడు. సరిగ్గా సరిపోయింది. నాకు చదువు మీద ఆశ లేదు. ఆ బూట్లు తొడుక్కుని, ఎవరి అన్నగానూ కాకుండా బతకొచ్చని మాత్రం అర్థమైంది.

మధ్యాహ్నం పెనుకొండలో దిగాం. కొండ కింద రాళ్ల నేల, గీతలు లేవు, నాలుగు మూలలా నాలుగు రాళ్లు పెట్టి చుట్టూ తిరగమన్నారు. ముందు హెడ్మాస్టరు తమ్ముణ్ణి పిలిచి బోర్డు మీద రెండు లెక్కలు వేశాడు. వాడు రెండూ చేసి, రెండోది ఇంకో దారిలో కూడా చేసి చూపాడు. హెడ్మాస్టరు నా దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. "గెలువు నాయనా. ఈ పిల్లోడు మా బడికి కావాల" అన్నాడు.

ఇక్కడ కూడా నేను వాడికి టిక్కెట్టునే.

మూడు చుట్లు. వాళ్ల పిల్లవాడు ఆయాసపడుతూ పరిగెత్తాడు. నేను వాడికి రెండడుగులు వెనకే ఉండి, నోరు మూసుకుని, ముక్కుతో తీరిగ్గా గాలి పీలుస్తూ పరిగెత్తాను. చివరి రాయి దగ్గర తమ్ముడు నిలబడి ఉన్నాడు. వాడి ముఖం చూడకుండా దాటాను.

నాయన తట్టుకోలేకపోయాడు. ఆయనకు తెలిసిన పరుగు పడుగు పక్కన పరుగే. తలపాగా తీసి చేత పట్టుకుని వాళ్ల డ్రిల్లు మాస్టరు దగ్గరికి పోయాడు. "సామీ, నా కొడుకు వీధిలో నేరుగా పరిగెత్తి నేర్చుకున్నోడు. గుండ్రంగా తిరగడం వానికి చేతకాదు. ఒక్కసారి నేరుగా పరిగెత్తించండి సామీ" అని బతిమాలాడు.

"జిల్లా పోటీలు మీ వీధిలో పెట్టమని రాయాల్నా ఏమప్పా?" అన్నాడు మాస్టరు. చుట్టూ ఉన్న పిల్లలు విరగబడి నవ్వారు. మా నాయన కూడా, ఏం చెయ్యాలో తెలియక, వాళ్లతోపాటు నవ్వాడు. నేను తాలూకా పోటీల్లో చుట్లు తిరిగే గెలిచానని ఆయనకు చెప్పగలిగినవాళ్లం అక్కడ తమ్ముడూ నేనూ ఇద్దరమే. ఇద్దరమూ నోరెత్తలేదు.

తిరుగు రైల్లో తమ్ముడు నా ఎదురుగా కూర్చున్నాడు. గంజి చొక్కా చెమటకు మెత్తబడిపోయింది.

"కాలు నొప్పా అన్నా?" అన్నాడు.

"ఊఁ" అన్నాను.

వాడు నా కుడికాలు తన ఒళ్లోకి తీసుకుని ధర్మవరం వచ్చేదాకా పిసికాడు. మరుసటి వారం నేను హిందూపురం పోయాను. అదే రోజు వాణ్ణి గుంటలో కూర్చోబెట్టి, కాళ్లకు మగ్గం తొక్కుడు చెక్కలు అందకపోతే వాటి మీద బట్ట చుట్టి తొక్కించారని అవ్వ తర్వాత చెప్పింది.

ఆ చలికాలంలో మా బడి గ్రౌండులోనే జిల్లా పోటీలు జరిగాయి. మేకుల బూట్లతో పరిగెత్తాను. పెనుకొండ పిల్లవాణ్ణి అరచుట్టు వెనక వదిలేశాను. జనం కేకలు వేస్తుంటే తాడు దాటి చూద్దును గదా, తాడు పక్కనే తమ్ముడు. అవ్వ బెల్లం పూర్ణం పెట్టి చేసిన ఓళిగలు గుడ్డలో మూట కట్టి తెచ్చాడు. గుంటలో కూర్చుని కూర్చుని మెడ కాస్త ముందుకు వంగింది.

మూట నా చేతిలో పెట్టి, నా ముఖం వైపు కాసేపు చూశాడు.

"ఈపొద్దు నోరు బాగా తెరిచినావన్నా" అన్నాడు. తర్వాత కిందికి చూసి, "కాలు నొప్పి తగ్గినట్టుండాదే" అన్నాడు.

కోపంగా అనలేదు. మాస్టరుకు లెక్క జవాబు చెప్పే గొంతుతోనే అన్నాడు. అంటే పెనుకొండలో చివరి రాయి దగ్గరే వాడికి తెలుసు. తెలిసే రైల్లో అంతసేపూ నా కాలు పిసికాడు. ఆ మాట నాయనకు ఒక్కసారి చెప్పి ఉంటే, నన్ను చావగొట్టి మళ్లీ పెనుకొండకు ఈడ్చుకుపోయేవాడు. ఎందుకు చెప్పలేదని నేను ఈనాటికీ అడగలేదు.

మగ్గం మీద చీర సగంలో ఉందని చెప్పి వాడు రైలుకు వెళ్లిపోయాడు. ఆ ఓళిగలు హాస్టల్లో ఎవరికీ పెట్టకుండా నేనొక్కణ్ణే తిన్నాను.