పోయేదాకా ఊఁ కొట్టింది

మా యారాలు పోయింది. యారాలంటే మా మరిది భార్య, మీలో కొందరు తోటికోడలంటరు. పోయిన నెల పంజాగుట్ట దవాఖానలో, నేను కింద చాయ్ తాగి పైకి వచ్చేసరికి నర్సు ఆమె మొహం మీది గొట్టం తీస్తున్నది. నన్ను చూసి తల అడ్డంగ ఊపింది. అంతే.

దినాలకు వచ్చినోళ్ళదంతా ఒక్కటే మాట. "ఆమె ఎప్పుడో పోయిందమ్మా, ఇప్పుడు ఊపిరి పోయిందంతే." గారె తుంచుకుంటూ ఒకరు, చెప్పులేసుకుంటూ ఒకరు. దుఃఖం తగ్గించనీకె అన్నరు, నాకు తెలుసు. కానీ ఆమె కన్నబిడ్డ సుత అదే మాట అన్నది. దినాల కాడ లొల్లి ఎందుకని ఊకున్న. ఇప్పుడు ఊకోను. మా యారాలు పోయిన నెల పోయింది, అంతకు ముందు పోలేదు. అది చెప్పనీకే కూసున్న.

నాకు చదువు రాదు. నేను చెప్తుంటే ఆ బిడ్డనే రాస్తున్నది. తను అన్న మాట తప్పని తన చేతితోనే రాయిస్తున్న. "పెద్దమ్మా, ఇది కూడా రాయాలా?" అంటుంది. రాయి బిడ్డా.

మీ శ్రీనగర్ కాలనీ పాఠకుల మీటింగుకు నన్ను తీసుకొచ్చింది సుత ఈమెనే. ఇంట్లో ఒక్కదాన్నే గోడలు చూస్తున్ననని తీసుకొచ్చింది. ఆ రోజు మీరు మతిమరుపు జబ్బు వచ్చిన తల్లి గురించి ఎవరో రాసిన నవల మీద మాట్లాడిండ్రు. ఒకామె పుస్తకం చదివి మూడు పూటలు అన్నం తినలేదన్నది. ఒక పెద్దమనిషి నడుమ జర సాగదీసిండ్రు, కొన్ని పేజీలు తీసేస్తే బాగుండేదన్నడు. జబ్బుతోని బతికేటోళ్ళకు ఆ పేజీలు తీసేసే సౌలత్ లేదు సారూ, అని నా మనసుల అనుకున్న. అప్పుడు కళ్ళద్దాల మేడమ్ ఒకామె లేచి, ఆ తల్లి కథ సగంలనే చచ్చిపోయింది, తర్వాత మిగిలింది ఒట్టి శరీరమే, రచయిత్రి అది ఎంత ధైర్యంగ చెప్పిందో అన్నది. అందరు తలలూపిండ్రు. నా పక్కన కూసున్న ఈ పిల్ల సుత ఊపింది.

నేను లేచి నిలబడ్డ. మైకు ఇచ్చి, "రెండు నిమిషాల్లో చెప్పండి బామ్మగారూ" అన్నరు. రెండు నిమిషాలల్ల నా యారాలు వస్తదా? రాసి పంపితే మీ పత్రికల వేస్తమన్నరు. అందుకే ఇది.

ఆమె గుంటూరు దిక్కు పిల్ల. మా మరిది ఆఫీసుల ఎవరి చెల్లెలో నచ్చిందని చేసుకున్నడు. అమీర్‌పేటలో మా ఇంటికి ట్రంకు పెట్టె నిండ నవలలతోని వచ్చింది. గిన్నెలు తెస్తదేమోనని చూసిన మా అత్తకు కోపమొచ్చింది. "ఏంటక్కా ఇక్కడ, కూరలో ఇంత చింతపండు?" అనేది. నేను "ఏంటి లేదు గీంటి లేదు, తినవే" అనేదాన్ని. మొదట్లో ఇద్దరికి పడలేదు.

నేను చీరలకు ఫాల్ కుట్టేదాన్ని. పంజాగుట్ట చీరల దుకాణం నుంచి మూట వచ్చేది. మధ్యాహ్నం అందరు తిన్నంక నేను సూది పట్టుకుని గడప కాడ కూసుంటే, ఆమె గోడకు ఒరిగి నవల చదువుకునేది. ఒకరోజు ఉత్తగనే పెదవులు ఆడిస్తుంటే, "ఆ గొణుగుడేందో గట్టిగ చదువు, నేను సుత వింట" అన్న. అట్ల మొదలైంది. ట్రంకు పెట్టె అయిపోయింది, అద్దె పుస్తకాల దుకాణం అయిపోయింది, ఆ దుకాణం పోయి కంప్యూటర్ కోచింగ్ వచ్చింది, మా ఇల్లు పోయి అపార్ట్‌మెంట్ వచ్చింది. మా చదువు మాత్రం నడుస్తనే ఉండె.

ఆమెకు ఒక షరతు ఉండె. నేను ఊఁ కొట్టాలె. చిన్నపిల్లలు కథకు ఊఁ కొడతరు చూడు, అట్ల. నేను దారం కొరుకుతూ ఊఁ మరిచిపోతే అక్కడ్నే ఆగేది. "ఊఁ లేకపోతే గోడకి చదివినట్టుంటుందక్కా" అనేది. నేను కునుకు తీస్తే కాలి బొటనవేలు గిల్లేది. ఎక్కడ గుండె దడదడలాడుతదో సరిగ్గ అక్కడ పుస్తకం మూసి, "మిగతాది రేపు, పప్పు నానబెట్టాలి" అని లేచి పోయేది. ఎన్ని తిట్లు తిట్టినా చెప్పేది కాదు.

అక్షరాలు నేర్పుతనన్నది ఒకసారి. వద్దన్న. "నేను నేర్చుకుంటే నువ్వు చదువుడు బంద్ చేస్తవ్." నవ్వింది. "సరే. కళ్ళు నావి, చెవులు నీవి. ఇద్దరం కలిస్తే ఒక పాఠకురాలు" అన్నది.

తర్వాత జబ్బొచ్చింది. చాయ్‌ల ఉప్పు వేసింది, మెట్రో కింద దారి తప్పింది, అవన్ని మీ నవలల ఉన్నయి, నేను మళ్ళ చెప్ప. మా ఇంట్లో ముందు పోయింది చదువు. చదివిన పేజీనే మళ్ళ చదివేది, నేను ఊఁ కొట్టేదాన్ని. కొన్నాళ్ళకు వరుస పట్టుకోలేకపోయింది. ఒక మధ్యాహ్నం పుస్తకం నా ఒళ్ళో పెట్టి, "మీరు చదవండి" అన్నది. అప్పటికే నేను అక్కను కాదు, 'మీరు' అయిపోయిన. ఆమె నన్ను గుర్తుపట్టిందని నేను అబద్ధం చెప్ప. "మీరెవరండీ, ఎప్పుడెళ్తారు?" అని నా ఇంట్లనే నన్ను అడిగింది. రోషమొచ్చింది, వంటింట్లకు పోయి గిన్నెలు ఎత్తి పడేసిన.

కానీ పుస్తకం ఒళ్ళో పెట్టిందా, ఏం చెయ్యాలె? తెరిచి పట్టుకుని, ఆమె ఎన్నడో చదివిన కథ యాదికి తెచ్చుకుని చెప్పుడు మొదలుపెట్టిన. సెలవు రోజు ఈ పిల్ల చూసి, "పెద్దమ్మా, పుస్తకం తలకిందులుగా పట్టుకున్నావ్" అన్నది. కథ తలకిందులుగ లేదు గదా, నీకేం ఫికర్ అన్న. మా యారాలు గోడకు ఒరిగి వింటున్నది. నేను ఊపిరి పీల్చుకోనీకె ఆగిన. "ఊఁ" అన్నది.

ఈ పిల్ల విని, అలవాటు పెద్దమ్మా అన్నది. కావచ్చు అనుకున్న. అయితే ఇది వినుండ్రి.

టెలిఫోన్ ఆఫీసుల పనిచేసే పిల్ల కథ ఒకటి ఉండె. రోజూ సాయంత్రం ఒకాయన అదే నంబరు కలపమంటడు. ఆ నంబరు ఎన్నడు ఎత్తరు. ఆ కథ చెప్తూ చెప్తూ నేను తప్పు చేసిన. ఇంకో నవలలోని డాక్టరును తెచ్చి ఆ టెలిఫోన్ పిల్లకు ఇచ్చి పెళ్ళి చేసిన. ముసలిదాన్ని, రెండు కథలు కలిసిపోయినయి. ఊఁ రాలేదు. నిద్రపోయిందనుకుని చూస్తే కళ్ళు తెరిచే ఉన్నది. కనుబొమలు దగ్గరికి వచ్చినయి, నేను కూరల చింతపండు ఎక్కువేస్తే పెట్టే మొహం. అప్పుడు నాకు యాదికొచ్చింది, ఆ పిల్ల పెళ్ళి చేసుకోదు, వేరే ఊరికి బదిలీ అడుగుతది. "కాదు కాదు, బదిలీ అడిగింది" అన్న. "ఊఁ."

ఆ తర్వాత కావాల్నని తప్పు చెప్పిన. ఒక్కపారి కాదు, శానా మధ్యాహ్నాలు. నీళ్ళల్ల పడి చచ్చినోన్ని బతికిస్తే ఊఁ లేదు. మళ్ళ చంపితే ఊఁ. అలవాటైతే తప్పుకు సుత ఊఁ అనాలె గదా? నువ్వు ఆఫీసుల ఉంటివి బిడ్డా, నువ్వు చూడలే. చెప్తే, నన్ను సముదాయిస్తున్నవా అన్నవ్. ఆమెకు తినిపించి, ఒళ్ళు తుడిచి, బస్సు పట్టుకుని పోయి, మళ్ళ వచ్చి గుడ్డలు మార్చినదానివి. అలసిపోయి అన్న మాటకు నిన్ను ఏమీ అనను. కడుపునిండ తిని, ఫ్యాను కింద కూసుని ఆ మాట అన్నోళ్ళతోనే నా కొట్లాట.

దవాఖానల చేర్చినంక డాక్టరు వచ్చి, "అమ్మా, మీ పేరేంటి? అమ్మా, ఇటు చూడండి" అన్నడు. పలకలేదు. ఏమీ తెలుస్తలేదని రాసుకుని పోయిండు. పేరు అడిగితే ఎవరు చెప్తరు సారూ, కథ అడుగు. ఆయన పోయినంక నేను మంచం దగ్గరికి జరిగి టెలిఫోన్ పిల్ల కథ ఎత్తుకున్న. మళ్ళ ఆ వేరే నవల డాక్టరుతోని పెళ్ళి చేసిన. ఏం లేదు. బదిలీ చేసిన. గొంతుల నుంచి సన్నగ, దారం తెగినట్టు, ఊఁ అని వచ్చింది. సెలైను మారుస్తున్న నర్సు సాయిబుల పిల్ల, చెయ్యి ఆపి నన్ను చూసింది. "నానీ, వింటున్నరు" అన్నది. నాకు ఆ ఒక్క సాక్షి చాలు. మర్నాడు పొద్దుగాలనే పోయింది.

మీ నవల తప్పని నేను అనను. రాసినామె తన ఇంట్లో చూసింది రాసి ఉంటది. మీవాళ్ళే నాకు పూర్తిగ చదివి వినిపించిండ్రు, బాగున్నది, ఊఁ కొట్టిన. కానీ ఆ తల్లి సగంలనే చచ్చిపోయిందన్న కాడ కొట్టలే. మా యారాలు సుత కొట్టకపోయేది.

మా కథ ఆ రోజు దవాఖానల పూర్తి కాలేదు. అలసిపోయింది పాపం అని, ఆమె చేసినట్టే మంచి కాడ ఆపి, "మిగతాది రేపు" అన్న. ఆపిన కాడి నుంచి ఇప్పుడు చెప్త, రాసుకో బిడ్డా.

బదిలీ కాగితం వచ్చింది. ఆఫీసుల ఆ పిల్లకు అదే ఆఖరి సాయంత్రం. చీర కొంగు సర్దుకుని కుర్చీల కూసున్నది. రోజూ వచ్చే వేళకే ఆయన ఫోను వచ్చింది, అదే నంబరు కలపమన్నడు. కలిపింది. అవతల మోగుతున్నది. మోగుతున్నది. ఎన్నడు ఎత్తని ఆ నంబరు ఆ రోజు ఎవరో ఎత్తిండ్రు.

నేను ఊపిరి పీల్చుకోనీకె ఆగిన. మా కిటికీ ముందు నుంచి మెట్రో పోయింది, కిటికీ అద్దాలు ఊగినయి. ఈ పిల్ల కాగితం మీది నుంచి తల ఎత్తలే. కలం ఆగింది.

"ఊఁ" అన్నది.