దేవసహాయం గారి కెమెరాకు నేను పెట్టిన బొట్టు

ఒక మనిషి ముప్పై ఆరు ఫోటోలు తీసి, ముప్పై ఆరింటినీ ఒకే వేలితో పాడుచేయగలడా అని మీకెప్పుడైనా సందేహం కలిగి ఉంటే, అది ఇవాళ తీరుస్తాను. చేయగలడు. ఆ వేలు నాదే. కుడిచేతి ఉంగరపు వేలు. ఇప్పటికీ నా దగ్గరే ఉంది, ఏమీ ఎరగనట్టు.

ఎనభైల మొదట్లో మాట. ఇలినాయ్‌లోని అరోరాలో ఒక గది అద్దెకు తీసుకుని, వంతెనలు కట్టే కంపెనీలో డ్రాయింగులు గీస్తూ ఉండేవాణ్ణి. పెళ్లయి ఏడాది. ఆ ఏడాదిలో నేనూ మా ఆవిడ వసుంధరా కలిసి ఉన్నది పందొమ్మిది రోజులు. ఆమె కాకినాడలో ఆడపిల్లల కాలేజీలో బాటనీ లెక్చరర్. వీసా వచ్చేసింది. ఇక రావలసింది మనిషే. కాలేజీ వదలబుద్ధి కాక ఆమె అక్కడ ఊగిసలాడుతుంటే, ఇక్కడ నేను రోజుకు నాలుగుసార్లు పోస్టు డబ్బా తెరిచి చూసేవాణ్ణి. పోస్టు వచ్చేది ఒక్కసారే.

సెప్టెంబరులో ఉత్తరం వచ్చింది.

"ఆకులు ఎందుకు ఎర్రబడతాయో ఏటా రెండు సెక్షన్లకు పాఠం చెబుతున్నాను. మా పెరట్లో బాదంచెట్టు తప్ప ఎర్రబడ్డ చెట్టును నేను చూసింది లేదు. అక్కడ అడవికి అడవే మారిపోతుందట కదా. ఫోటోలు తీసి పంపండి. అవి చూసి రాజీనామా సంగతి ఆలోచిస్తాను. డిసెంబరు మొదటికల్లా తేల్చమని ప్రిన్సిపాల్ గారు అంటున్నారు. ఇంకొక్క మాట. చెట్టుకు అడ్డం నిలబడకండి. మిమ్మల్ని చూశాను."

చూసింది, నిజమే. పందొమ్మిది రోజులు. ఆవిడకు అది చాలింది కాబోలు. నాకు చాలలేదు.

నాకు కెమెరా లేదు. అరోరాలో తెలుగు మాట్లాడే నాలుగిళ్లలో కెమెరా ఉన్న ఇల్లు దేవసహాయం గారిది. గుంటూరు మనిషి. ఆదివారాలు వాళ్లింట్లో తెలుగులో ప్రార్థన, ఆ తర్వాత మేరీ వదిన చేతి గోంగూర. నేను ప్రార్థనకు ఆలస్యంగానూ గోంగూరకు ముందుగానూ వెళ్తుండేవాణ్ణి.

"తమ్ముడూ, ఇది కెమెరా కాదు, నా మూడో బిడ్డ," అన్నారాయన. "తడపొద్దు, పడెయ్యొద్దు, అద్దం మీద వేలు పెట్టొద్దు."

"నేనేమన్నా చిన్నపిల్లాణ్ణా అన్నయ్యా."

"చిన్నపిల్లాడైతే భయం ఉండేది కాదు, చెప్పిన మాట వింటాడు."

"ఇవ్వండి పాపం," అంది మేరీ వదిన వంటింట్లోంచి. "పెళ్లాం రావాలంటే చెట్టు చూపించాలంట. నన్ను రప్పించడానికి మీరేం చూపించారు?"

"మంచు ఫోటోలు పంపాను కదా."

"అందుకే మూడేళ్లు రాలేదు."

కెమెరా చేతికొచ్చింది. నేను నేరుగా వెళ్లి ఫోటోలు తీసుకుని ఉంటే ఈ కథే లేదు. కానీ ఆ వారంలోనే ఆయుధపూజ వచ్చింది. మా నాన్నగారు ఆ రోజున కుట్టుమిషన్ నుంచి అడకత్తెర దాకా ఇంట్లో పనిచేసే ప్రతిదానికీ బొట్టు పెట్టేవారు. పనిచేయనివాణ్ణని నన్ను మాత్రం వదిలేసేవారు. అరోరాలో నా ఆయుధాలు ఒక స్కేలు, రెండు పెన్సిళ్లు, నెలకోసారి ఆగిపోయే కారు తాళాలు. ఇప్పుడు వాటి మధ్య మహారాజులా కెమెరా. ఆలోచించండి, నా సంసారమంతా ఆధారపడిన ఆయుధం అది. దానికి పెట్టక స్కేలుకు పెడతానా?

గంధం తీశాను. కుంకుమ తడిపాను. బొట్టు నుదుట పెట్టాలి, సరే, కెమెరాకు నుదురేది? మనిషికి మొహం మీద కన్ను ఉంటుంది గానీ, కెమెరాకు కన్నే మొహం. నడిమధ్యన గుండ్రంగా పెట్టి దండం పెట్టుకున్నాను.

అద్దం మీద వేలు పెట్టొద్దన్న మాట అప్పుడు గుర్తొచ్చింది. వెంటనే జేబురుమాలు తీసి తుడిచేశాను. ఆ రుమాలుతోనే పొద్దున తలనూనె తుడుచుకున్నానని మీకు చెప్పకపోయినా పర్వాలేదు, కానీ దాచడం నాకు చేతకాదు. చుక్క పోయింది. పోవడమంటే ఎక్కడికీ పోలేదు, అక్కడే పరుచుకుంది. గది మసకలో నాకది కనిపించలేదు.

శనివారం పొద్దున ఊరి బయట ఫాక్స్ నది ఒడ్డున ఉన్న అడవికి వెళ్లాను.

ఇక్కడ కాసేపు నవ్వడం ఆపుతాను, నాకు రావడం లేదు. ఓక్ చెట్లు వేయించిన ధనియాల రంగులో ఉన్నాయి. వాటి మధ్య సన్నటి చెట్లేవో నిమ్మపండు పసుపు. మలుపు దగ్గర ఒక్కటే పెద్ద మేపుల్ చెట్టు. దాని మీద ఎండ పడడం లేదు, దానిలోంచే ఎండ వస్తున్నట్టుంది. ఒక్కో ఆకూ తొందర లేకుండా దిగి నీళ్ల మీద కూర్చుంటోంది. పక్కన ఎవరైనా ఉంటే "అదిగో, చూడు" అనాలనిపించింది. అనడానికి ఎవరూ లేక, ఆ మాటనే కెమెరాతో ముప్పై ఐదుసార్లు అన్నాను.

ఆ కెమెరాలో మనం కన్ను పెట్టి చూసే కిటికీ వేరు, బొమ్మను పట్టే అద్దం వేరు. కిటికీలో లోకం కడిగిన ముత్యంలా ఉంది. అద్దం సంగతి అద్దానికే తెలుసు.

ముప్పై ఆరోది మిగిలింది. చెట్టుకు అడ్డం నిలబడొద్దని రాసింది, జ్ఞాపకముంది. అయినా కెమెరాను ఒక బెంచీ మీద పెట్టి, టైమర్ తిప్పి, ఓవర్‌కోటు గుండీలు పెట్టుకుంటూ పరుగెత్తి చెట్టు ముందు నిలబడ్డాను.

రీలును మందుల షాపులో కడగడానికిచ్చాను, అక్కడ ఆ పనీ వాళ్లదే. వారం పట్టింది. కవరు అందిస్తూ కౌంటరు దగ్గరున్న ముసలావిడ నా చెయ్యి పట్టుకుంది.

"అయ్యో బాబూ, ఇల్లు మొత్తం కాలిపోయిందా?"

"ఏ ఇల్లండీ?"

"మనుషులంతా క్షేమమేనా?"

కవరు విప్పాను. చెట్టు ఎరుపు. గడ్డి ఎరుపు. ఆకాశం ఎరుపు. నది, అవతలి ఒడ్డున మేస్తున్న ఆవు, అన్నీ ఎరుపు. చివరి ఫోటోలో ఎర్రటి పొగలో ఎర్రటి ఓవర్‌కోటు.

ఏడ్చినంత పనై, కారు వేసుకుని అడవికి పరుగెత్తాను. నడుమ మూడు రోజులు గాలీవానా. చెట్లన్నీ తిరుపతి వెళ్లొచ్చినట్టు గుండ్లతో వరుసగా నిలబడి ఉన్నాయి. మళ్లీ తీయాలంటే మళ్లీ అక్టోబరు రావాలి. డిసెంబరు మొదటికల్లా ఆవిడ మాట తేలిపోవాలి.

దేవసహాయం గారు ఫోటోలన్నీ భోజనాల బల్ల మీద పరిచి చాలాసేపు చూశారు. తర్వాత కెమెరా అద్దాన్ని కిటికీ వెలుగులో పెట్టి చూశారు.

"నా కెమెరాకు బొట్టు పెట్టావా తమ్ముడూ?"

"ఆయుధపూజ అన్నయ్యా."

"మా ఇంట్లో మూడు తరాలుగా ఎవరికీ లేదు. దీనికొక్కదానికి పెట్టావా."

మేరీ వదిన పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "పోనియ్యండి. అతను పూజ చేశాడు, మనం ఆదివారం ప్రార్థన చేద్దాం. ఎవరో ఒకరు పలక్కపోతారా."

"వదినా, ఆవిడ బాటనీ లెక్చరర్."

"అయితే గట్టిగా చేద్దాం."

వేరే దారి లేక వాటినే పంపాను. తోడుగా నాలుగు పేజీల ఉత్తరం. ఇలినాయ్‌లో శరత్కాలపు ఎరుపు చాలా తీవ్రమైనదనీ, చెట్ల నుంచి ఆకాశానికి పాకుతుందనీ, పశువులకు కూడా సోకుతుందనీ, ఫైరింజన్లను ఆ నెలలో గుర్తుపట్టడం కష్టమనీ రాశాను. పెళ్లాం రావాలనుకుంటే పెన్నుకు ఎంత అబద్ధమైనా వస్తుంది.

నవంబరు చివర్లో జవాబు వచ్చింది. విప్పకుండా కారులో పెట్టుకుని ఊరంతా ఒక చుట్టు తిరిగి, ఆ మేపుల్ చెట్టు మోడు దగ్గర ఆపి విప్పాను.

"మీ పరిశోధన చదివాను. ఆకు ఎర్రబడడం మా సిలబస్‌లో ఉంది. ఆవు ఎర్రబడడం లేదు. ప్రతి ఫోటోలోనూ ఎరుపు ఎడమవైపు దట్టంగా ఉండి, కుడివైపుకు చెదిరింది. ఈ పులుముడు నాకు తెలుసు. పెళ్లిలో నా నుదుట పెట్టింది ఇలాగే. ఆల్బమ్‌లో ఇప్పటికీ తలకు దెబ్బ తగిలినదానిలా ఉన్నాను. కెమెరాకు బొట్టు పెట్టారు కదూ.

చివరి ఫోటోలో చెట్టుకు అడ్డంగా ఎవరో ఉన్నారు. మొహం తెలియడం లేదు. ఎడమ భుజం కిందికి వాల్చి నిలబడ్డారు కాబట్టి మీరే. నిలబడొద్దని రాశాను. నిలబడ్డారు. మిగతా ముప్పై ఐదూ స్టాఫ్‌రూమ్‌లో అందరికీ చూపించాను. అది చూపించలేదు.

చెట్టును మీరు చూపించలేరని తేలిపోయింది. నేనే వచ్చి చూసుకుంటాను. రాజీనామా ఇచ్చాను."

మార్చిలో వచ్చింది. అక్టోబరు దాకా ఏడు నెలలు ఓపిక పట్టి, ఆ మేపుల్ చెట్టు కింద నిలబడింది. ఏమంటుందోనని నేను చూస్తున్నాను. ఒక ఆకు తీసి, అరచేతిలో పెట్టుకుని అంది: "మా బాదంచెట్టు ఎర్రబడడానికి ఇంకా రెండు నెలలుంది."

ఆ తర్వాత మాకంటూ కెమెరా కొన్నాం. దాన్ని ఆవిడే ముట్టుకుంటుంది. ఏటా శరత్కాలపు ఆకుల రంగులు తీసి, కింద లాటిన్ పేర్లు రాసి ఆల్బమ్‌లలో పెడుతుంది. అందులో ఒక్క ఆవూ ఎర్రగా లేదు, ఒక్క దాంట్లోనూ నేను లేను. నేనున్నది మా పడకగది గోడ మీద, ఎర్రటి పొగలో. చూసినవాళ్లు అగ్నిప్రమాదమా అని అడుగుతారు. అవునంటాను.

కాబట్టి పాఠకుల సాక్షిగా, నా ఉంగరపు వేలి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ కెమెరా కంటికీ కుంకుమ పెట్టను. పెట్టక తప్పకపోతే దాని తోలు సంచీకి పెడతాను. చెట్టుకు అడ్డం నిలబడనని మాత్రం ప్రమాణం చేయను.